ఇంట్లో తీసిన జ్యూస్‌కు కేలరీలు ఎలా లెక్కపెట్టాలి?

అందరికీ నమస్కారం. తిరుపతి నుంచి రాస్తున్నాను. నెల రోజులుగా రోజుకు 1,500 కేలరీలు దాటకుండా తింటున్నాను. అన్నం, పప్పు, రాగి సంగటి లెక్క బాగానే కుదిరింది. జ్యూస్ దగ్గరే ఆగిపోయాను.

పొద్దున ఆరున్నరకు, సాయంత్రం ఐదింటికి ఒక్కో గ్లాసు తాగుతాను. గ్లాసుకు రైతుబజారు నుంచి తెచ్చిన క్యారెట్ 200 గ్రాములు, బీట్‌రూట్ 100, ఆపిల్ 150. నీళ్లు, చక్కెర కలపను. జ్యూసర్‌లో వేస్తే రసం 260 గ్రాములు, పిప్పి 180 వస్తోంది.

పచ్చివాటి లెక్కన, అంటే 100 గ్రాములకు క్యారెట్ 41, బీట్‌రూట్ 43, ఆపిల్ 52 చొప్పున, మొత్తం 203 కేలరీలు. బరువును బట్టి పిప్పి వాటా తీసేస్తే 120. ఫోన్ యాప్‌లో క్యారెట్ జ్యూస్ అని కొడితే 104. రెండు గ్లాసులకు దాదాపు 200 తేడా వస్తోంది, అదే నా టెన్షన్. పిప్పిని బట్టలో వేసి మళ్లీ పిండి చూశాను, చెంచాడు రసం కూడా రాలేదు. కానీ కాస్త నోట్లో వేసుకుంటే ఇంకా తియ్యగానే ఉంది. అందుకే దాన్ని సున్నా అనుకోలేకపోతున్నాను.

పిప్పి పారేసేటప్పుడు ఆ 203లో ఎంత తగ్గించి రాసుకోవాలి?