రొమాన్స్ ఫాంటసీ ఆడియోబుక్స్: నేరేటర్లు ఇద్దరున్నా హీరో గొంతు ఎందుకు మారిపోతోంది?

పెరటిమామిడి అడిగారు:

ఇంగ్లీషులో వచ్చే రొమాన్స్ ఫాంటసీ ఆడియోబుక్స్ వినేవాళ్లను అడుగుతున్నాను. మూడు చిక్కులు.

ఒకటి, కవర్ మీద ఇద్దరు నేరేటర్ల పేర్లుంటాయి. తీరా వింటే హీరోయిన్ చాప్టర్లలో హీరో మాటలు కూడా ఆడ నేరేటరే గొంతు బరువు చేసి చెబుతుంది. రెండు, నాలుగు గంటలు విన్నాక కూడా ఏ పేరు రాజుది, ఏ పేరు ఊరిదో తేలదు. మూడు, దగ్గరితనం సీన్లలో గుసగుసలు వినబడక సౌండ్ పెంచితే, వెంటనే వచ్చే యుద్ధం చెవులు పగలగొడుతుంది. కొనేముందు ఇవి పసిగట్టడం ఎలా? ఇంకోటి, 1.5 స్పీడ్‌లో వింటే తప్పా?

చెవిలోకథ:

మీ మొదటి చిక్కంతా డ్యూయల్, డ్యూయెట్ అనే రెండు మాటల మధ్య ఉంది. వినడానికి ఒకేలా ఉంటాయి, పని మాత్రం పూర్తిగా వేరు.

డ్యూయల్ అంటే చాప్టర్లు పంచుకోవడం. హీరోయిన్ వైపు నుంచి నడిచే చాప్టర్ మొత్తం ఆడ నేరేటరే చదువుతుంది, అందులో హీరో మాటలతో సహా. హీరో చాప్టర్ రాగానే మగ నేరేటర్ అందుకుంటాడు, హీరోయిన్ మాటలూ అతనివే. డ్యూయెట్ అంటే మాటలు పంచుకోవడం. చాప్టర్ ఎవరిదైనా సరే, హీరో నోరు తెరిస్తే మగ గొంతే వస్తుంది.

ఒక సీను ఊహించుకోండి. పన్నెండో చాప్టర్ చివర హీరో "వెళ్లకు" అంటాడు, ఆడ గొంతులో. పదమూడో చాప్టర్ అతని వైపు నుంచి అక్కణ్ణించే మొదలవుతుంది. అదే గది, అదే మనిషి, అరనిమిషం తేడా. కానీ ఈసారి నిజంగా మగ గొంతు, వేరే యాస, పదేళ్లు ఎక్కువ వయసు. చెవికి హీరోలు ఇద్దరైపోతారు. రొమాన్స్‌లో ఇది ఫాంటసీలో కంటే ఎక్కువ గుచ్చుకుంటుంది, ఎందుకంటే అక్కడ కథంతా ఆ ఇద్దరి సంభాషణే.

మరి అందరూ డ్యూయెట్టే ఎందుకు చెయ్యరు? ఎడిటింగ్ బరువు. ఇద్దరూ వేర్వేరు చోట్ల రికార్డు చేస్తే ఒక్కో డైలాగు కోసి అతికించాలి, రెండు గదుల శబ్దం ఒకటి చెయ్యాలి, ఒకరు కోపంగా అన్నదానికి రెండోవాళ్ల జవాబు అదే ఊపులో ఉందో లేదో చూడాలి. చాప్టర్ల లెక్కన చదివితే ఈ గోల లేదు.

ఇద్దరి పేర్లున్నాయని సగం సగం అనుకోవద్దు కూడా. 2023లో వచ్చిన ఫోర్త్ వింగ్ నవల చూడండి. రెబెకా సోలర్, టెడ్డీ హామిల్టన్ అని ఉంటుంది. ఇరవై గంటల పైబడిన పుస్తకంలో దాదాపు అంతా ఆవిడే, ఆయన వచ్చేది చిట్టచివర హీరో వైపు చాప్టర్‌కి. మోసమేం కాదు, పుస్తకం రాసిన తీరే అంత. ఆయన గొంతు కోసం కొన్నవాళ్లకి మాత్రం ఉసూరుమంటుంది.

శాంపిల్ ఒక్కటే నమ్ముకోకండి. అది సాధారణంగా పుస్తకం మొదట్లోని కొద్ది నిమిషాలు. మొదటి చాప్టర్ ఎక్కువగా హీరోయిన్‌దే కాబట్టి రెండో గొంతు అసలు వినబడదు. వివరాల్లో డ్యూయెట్ అనే మాట స్పష్టంగా ఉందో లేదో చూడండి, లేకపోతే డ్యూయల్ అనే లెక్కేసుకోండి. మగ నేరేటర్ చదివిన ఇంకో పుస్తకం శాంపిల్ తెరిచి, అందులో ఆడవాళ్ల మాటలు ఎలా అంటున్నాడో వినండి. గొంతు సన్నం చేసి కీచుగా అంటే వదిలెయ్యండి, పన్నెండు గంటలు భరించలేరు.

ఒక్క గొంతుతో చదివినవి తక్కువ అనుకునేవాళ్లతో మాత్రం ఒప్పుకోను. హరికథ దాసుగారు ఒక్కరే రాముడు, సీత, శూర్పణఖ అన్నీ అవుతారు, గొంతు మార్చి కాదు, నడక మార్చి. అవుట్‌లాండర్ నవలని డవీనా పోర్టర్ చదివింది వినండి. స్కాట్లాండ్ హీరోని ఒక ఆడమనిషి ఒంటరిగా ఎలా నిలబెట్టిందో అర్థమవుతుంది. యాస, మాటకి మాటకి మధ్య విరుపు, అంతే.

గవ్వలసంచి:

పేర్ల సంగతి నేను చెబుతాను. ఫాంటసీ రచయిత పేర్లు కంటికోసం కడతాడు. అచ్చులో మొదటి అక్షరం చూసి గుర్తుపడతాం, చెవికి ఆ ఆసరా లేదు. పైగా మ్యాప్ ఉండదు.

మొదటి మూడు చాప్టర్లు 1.0 స్పీడ్‌లోనే, చేతిలో వేరే పని లేకుండా వినండి. ఎనిమిది, పది పేర్లు విన్నది విన్నట్టు తెలుగులో రాసుకోండి. ఇక్కడ మన లిపి లాభం, పలికినట్టే పడుతుంది. తర్వాత అదే పుస్తకం ఈబుక్ ఉచిత శాంపిల్ దించుకోండి. చాలావాటిలో మ్యాప్, పాత్రల పట్టిక మొదట్లోనే ఉంటాయి, అసలు స్పెల్లింగ్ కూడా దొరుకుతుంది. ఆడియోబుక్స్ అమ్మే ఆడిబుల్‌లో కొన్నింటికి పీడీఎఫ్ కూడా జత చేస్తారు, లైబ్రరీలో పుస్తకం దగ్గర చూడండి. ఒక్క పని మాత్రం వద్దు. పాత్ర పేరు గూగుల్‌లో కొట్టకండి. రెండక్షరాలు పడగానే కింద "చావు", "పెళ్లి" అని సూచనలు వచ్చేస్తాయి, మిగతా పదిహేను గంటల సస్పెన్స్ అక్కడితో సరి.

పెద్ద సిరీస్ అయితే ఏ రికార్డింగ్ అనేది ముందే తేల్చుకోవాలి. వీల్ ఆఫ్ టైమ్ 14 పుస్తకాలూ మైకేల్ క్రేమర్, కేట్ రీడింగ్ అనే భార్యాభర్తలు చదివారు. మగవాళ్ల వైపు కథ ఆయన, ఆడవాళ్ల వైపు ఆవిడ, అంటే పైన చెప్పిన డ్యూయల్ పద్ధతే. కొన్ని పేర్లు ఇద్దరి నోటా ఒకేలా పలకవు. 2021 నుంచి మొదటి పుస్తకాలను నటి రోజమండ్ పైక్ కొత్తగా చదువుతూ వచ్చింది. నటన పైక్‌ది ఎక్కువ, నిలకడ పాత జంటది ఎక్కువ. ఏదైనా సరే, మూడో పుస్తకంలో ఒకరి నుంచి ఇంకొకరికి మారొద్దు. బుర్రలో పాత్రలన్నీ మళ్లీ కట్టుకోవాల్సి వస్తుంది.

క్రెడిట్ మాట కూడా, అంటే ఆడిబుల్ చందాతో వచ్చే, ఒక పుస్తకం తీసుకునే టోకెన్. ఏడు గంటల రొమాన్స్‌కీ, 45 గంటల ఫాంటసీకీ పోయేది ఒకటే క్రెడిట్. పొట్టివి తగ్గింపు ధరకి వచ్చినప్పుడు డబ్బులిచ్చి కొనండి, క్రెడిట్లు లావు పుస్తకాలకి దాచండి.

పెరటిమామిడి:

డ్యూయెట్ అనే మాటే తెలియదు, థాంక్సండీ. మరి గ్రాఫిక్ ఆడియో వాళ్లు నాటకంలా చేసేవి? అందులో అన్ని గొంతులూ వేరే కదా. గుసగుసల సమస్యకి ఎవరూ చెప్పలేదు.

నిశ్శబ్దం60:

గ్రాఫిక్ ఆడియో బాగుంటుంది, కానీ ముందు లెక్క చూసుకోండి. ఒక్క నవలని "రెండింటిలో మొదటిది", "రెండింటిలో రెండోది" అని ముక్కలు చేసి విడివిడిగా అమ్ముతారు. "అన్నాడు", "అంది" లాంటివి తీసేస్తారు, వెనక సంగీతం, కత్తుల చప్పుడు ఉంటాయి. రేడియో నాటకం అలవాటున్న చెవికి హాయి. పుస్తకం మొదటిసారి వింటుంటే మాత్రం మామూలు రికార్డింగే మేలంటాను, రెండోసారికి ఇది. వైర్ ఇయర్‌ఫోన్ ఒక్క చెవిలోనే పెట్టుకుంటే అవతలి వైపు నిలబడ్డ పాత్ర మాట సన్నబడుతుంది. ఫోన్ యాక్సెసిబిలిటీ సెట్టింగ్స్‌లో మోనో ఆడియో ఆన్ చెయ్యండి.

ఇక గుసగుసలు. స్వతంత్ర రచయితలు ఆడియోబుక్ ఎక్కించే ఏసీఎక్స్ నియమం ప్రకారం ప్రతి ఫైలు సగటు శబ్దం మైనస్ 23కీ మైనస్ 18కీ మధ్య డెసిబెల్స్‌లో (ఈ కొలతలో సున్నాయే పైకప్పు) ఉండాలి, గరిష్ఠం మైనస్ 3 దాటకూడదు. సగటు అన్నారు కదా, అంటే చాప్టర్ మొత్తానికి. ఒక్క గుసగుస లైను ఎంత కిందికి దిగినా ఫైలు పాసైపోతుంది. ఇంట్లో వినబడే ఆ లైను బస్సు ఇంజను రొదలో మునిగిపోతుంది. సౌండ్ పెంచడం కాదు మందు, బయటి రొద ఆపడం. చెవిలోకి దిగే రబ్బరు టిప్ ఉన్నవి, మీ చెవికి సరిపోయే సైజు పెట్టుకోండి. చాలామంది డబ్బాలో వచ్చిన మధ్య సైజే వాడేస్తారు, అది వదులైతే బయటి శబ్దమంతా లోపలికే.

స్పీడ్ విషయంలో నాది గట్టి అభిప్రాయం. ఆడియోబుక్‌లో గంటకి సుమారు 9,300 మాటలు, అంటే నిమిషానికి 155. 1.5లో అది 230 దాటుతుంది. ప్రయాణాలు, రాజవంశాల చరిత్ర అలా వింటే నష్టం లేదు. కానీ స్పీడ్ పెంచితే మాటలతోపాటు మౌనాలూ కుంచించుకుపోతాయి. ఆమె అడిగాక అతను జవాబివ్వడానికి తీసుకునే రెండు సెకన్లే రొమాన్స్ నేరేటర్ చేసిన అసలు పని.

చెవిలోకథ:

స్పీడ్ మీద అంత పట్టు అక్కర్లేదేమో. కొందరు నేరేటర్లు సహజంగానే నత్తనడక, వాళ్లకి 1.2 పెడితేనే మనిషి మాట్లాడినట్టుంటుంది. శాంపిల్‌లో ఒక డైలాగు 1.0లో, 1.2లో రెండుసార్లు విని తేల్చుకోవడం నయం. యాస గట్టిగా ఉంటే మొదటి గంట 0.9 అయినా తప్పులేదు.

నిశ్శబ్దం60:

1.2 దాకా సరే, రాజీ.

రాత్రి వినేవాళ్లకి ఇంకోటి. స్లీప్ టైమర్ "చాప్టర్ చివరి వరకు" అని పెట్టొద్దు, ఫాంటసీ చాప్టర్ ఒక్కోటి గంట ఉంటుంది. ఇరవై నిమిషాలు చాలు. కారున్నవాళ్లు ఫోన్‌లో బ్లూటూత్ ఆటో కనెక్ట్ తీసెయ్యండి. లేకపోతే ఎక్కి తాళం తిప్పగానే రాత్రి ఆగిన చోటి నుంచే స్పీకర్లలో మొదలవుతుంది. వెనక సీట్లో అత్తగారుంటే ఇరవై రెండో చాప్టర్ ఎక్కడ ఆగిందో ముందే చూసుకోవాలి.