పల్లి ఆకు పసుపెక్కింది, యూరియా వేసినా పోలేదు

పాలమూరు పల్లి:
అచ్చంపేట దగ్గర మూడెకరాల్లో యాసంగి పల్లి వేశాను. నెల దాటింది. పై చిగురాకులన్నీ నిమ్మపండు రంగుకు తిరిగాయి, ఈనెలు మాత్రం పచ్చగా గీత గీసినట్టున్నాయి. మందుల షాపులో యూరియా చల్లమన్నారు. బస్తా అయిపోయింది, పసుపు పోలేదు.

బత్తాయి తోట, నల్గొండ:
కింది ఆకులా, పై ఆకులా అన్నది చూడాలన్నా. నత్రజని తక్కువైతే ముదురాకు ముందు పసుపెక్కుతుంది. లేతాకు పసుపు, ఈనె పచ్చ అంటే ఇనుము అందట్లేదు. మా సున్నపు నేలలో బత్తాయికీ ఇదే గోల. నేలలో ఇనుము ఉంటుంది, వేరుకు చిక్కదు.

పాలమూరు పల్లి:
ఆకుకు పచ్చరంగు ఇచ్చే పత్రహరితంలో ఉండేది మెగ్నీషియం అని చదివినట్టు గుర్తు?

బడి సార్:
కరెక్టే. కానీ ఆ పత్రహరితం తయారవ్వాలంటే ఇనుము కావాలి. అది ఉండే చోటు కూడా చూడండి. ఆకు కణాల్లో అది ఉండే పచ్చ రేణువే హరితరేణువు, దానికి పైన రెండు పొరలు. లోపల థైలకాయిడ్ పొరలు జొన్నరొట్టెల దొంతరలా ఉంటాయి, పత్రహరితం వాటిలోనే ఉంటుంది. ఎండ తగిలితే ఎలక్ట్రాన్లు ఆ పొర వెంట చేతులు మారుతూ పోతాయి, హైడ్రోజన్ అయాన్లు లోపలి వైపు పోగవుతాయి. జూరాలలో నీళ్లు ఆపి టర్బైన్ తిప్పినట్టే, అవి బయటికొచ్చేటప్పుడు ఏటీపీ, అంటే కణం వాడుకునే శక్తి సరుకు, పుడుతుంది. 1966లో జాగెన్‌డార్ఫ్, ఉరిబే అనే శాస్త్రవేత్తలు పొరకు రెండు వైపులా ఆమ్లంలో తేడా కల్పించి, చీకట్లోనే ఏటీపీ పుట్టించారు! సిలబస్‌లో లేకపోయినా క్లాసులో ఇది చెప్పకుండా ఉండలేను. ఎలక్ట్రాన్లను మోసే ప్రోటీన్లలో చాలావాటికి ఇనుమే ఆధారం.

బత్తాయి తోట, నల్గొండ:
నిరుడు గట్ల మీద పారాక్వాట్ కలుపు మందు కొట్టిస్తే గాలికి నాలుగు కొమ్మల మీద పడింది. మంచి ఎండ, సాయంత్రానికే ఆకులు ఉడకబెట్టినట్టు వాలిపోయాయి. మబ్బు రోజు కొట్టిన గడ్డి మాత్రం నిదానంగా ఎండింది. ఎందుకు సార్?

బడి సార్:
అది ఎండ సాయంతోనే చంపుతుంది. పొరలో పోయే ఎలక్ట్రాన్లను మధ్యలో కాజేసి ఆక్సిజన్‌కు అంటగడుతుంది. ఆ ఆక్సిజన్ పొరలోని కొవ్వును కొరికేస్తుంది. కట్టకే గండి పడితే నీళ్లెక్కడ నిలుస్తాయి? మనిషి కడుపులోకి పోతే దానికి విరుగుడు లేదు, డబ్బా పిల్లలకు అందనీయకండి.

పాలమూరు పల్లి:
వారమైంది, వచ్చి చెబుతున్నా. లీటరు నీటికి ఇనుముండే అన్నభేది 5 గ్రాములు, 1 గ్రాము నిమ్మ ఉప్పు కలిపి సాయంత్రం పూట కొట్టాను. చుక్క పడ్డ చోటల్లా పచ్చ మచ్చలు లేచాయి, మధ్యలో పసుపు అలాగే ఉంది. మా ఆవిడ చూసి కొత్త తెగులనుకుంది. రేపు రెండో తడవ, ఈసారి సన్న నాజిల్ పెట్టి.