ఆపి ఉంచిన కారులో ఎలుకలు: మీ ఉపాయాల్లో ఏది నిలబడింది?

నీలి_డిక్కీ
చెక్ ఇంజిన్ లైటు వెలిగిందని మెకానిక్‌కు చూపిస్తే, బానెట్ ఎత్తగానే విషయం తెలిసిపోయింది. సెన్సర్ వైరు తొడుగు చెక్కేసినట్టు పోయి లోపలి రాగి తళతళలాడుతోంది. బ్యాటరీ పక్కన పెంటికలు. బానెట్ కింది దూదిపొర పీక్కొచ్చి ఎయిర్ ఫిల్టర్ డబ్బాలో మెత్తగా పరుచుకున్నాయి కూడా! కారు రాత్రిళ్లు ఆరుబయటే ఉంటుంది. విషం పెట్టడం ఇష్టం లేదు. ఇంట్లో చేసుకోగలిగినవి చెప్పండి.

పాత_పానా
కలరా ఉండలు గుడ్డలో మూటకట్టి బ్యాటరీ దగ్గర వేలాడదీయండి. నాకు పనిచేసింది.

వేపపుల్ల
మొదట్లో నాకూ పనిచేశాయన్నా. తర్వాత ఆ మూట గుడ్డనే కొరికాయి! ఇంజిన్ వేడికి ఉండలు త్వరగా కరిగి ఆవిరైపోతాయి, ఆ కంపు ఏసీలోంచి లోపలికి వస్తుంది. పసిపిల్లలుంటే అసలు వద్దు. జీ6పీడీ లోపం (పుట్టుకతో వచ్చే ఒక ఎంజైమ్ లోపం) ఉన్నవాళ్లకు ఈ ఉండల్లోని నాఫ్తలీన్ వల్ల ఎర్ర రక్తకణాలు దెబ్బతింటాయి.

లైట్_తియ్యకు
పుదీనా నూనె దూదిలో ముంచి పెడుతున్నాను. వాసన బాగుంటుంది, నాకు. ఎలుకల సంగతి ఇంకా తేలలేదు.

నిదానం
ఇక్కడ ఒక మెలిక ఉంది. పెద్ద ఎలుకలకు కొత్త వస్తువంటే అనుమానం. రోజూ తిరిగే దారిలో తెలియనిదేదైనా కనిపిస్తే కొన్నాళ్లు దూరంగా ఉంటాయి. అందుకే కలరా ఉండలు, పుదీనా, పొగాకు, ఏది పెట్టినా మొదట్లో అద్భుతంగా పనిచేసినట్టే ఉంటుంది. మనం వెంటనే “సూపర్” అని నలుగురికీ చెబుతాం. అలవాటయ్యాక అవి మళ్లీ మామూలే. చుంచెలుకలకైతే ఆ మొదటి భయం కూడా పెద్దగా ఉండదు.

నిజంగా పనిచేస్తోందో లేదో తేల్చుకోవాలంటే టైర్ల చుట్టూ నేల మీద పలచగా పౌడర్ చల్లండి. పొద్దున్నే చిన్న చిన్న వేళ్ల గుర్తులు, మధ్యలో తోక ఈడ్చిన గీత కనిపిస్తాయి. ఏ టైరు మీంచి ఎక్కుతున్నాయో తెలిస్తే బోను అక్కడే పెట్టొచ్చు. నా కారులో ఎప్పుడూ గోడ పక్క టైరే. ఎలుకలు గోడ వారగా నడుస్తాయి కాబట్టి బండిని గోడకు దూరంగా ఆపడమే సగం మందు.

పాత_పానా
పౌడర్ సంగతి బాగుంది. నేనూ చల్లి చూస్తా. మరి మనకు వినపడని శబ్దంతో ఎలుకల్ని తరుముతాయనే అల్ట్రాసోనిక్ మిషన్లు?

నిదానం
వాటికీ అలవాటు పడతాయి. పైగా ఆ శబ్దం అడ్డుగా ఏముంటే అక్కడే ఆగిపోతుంది, ఇంజిన్ నిండా అడ్డాలే కదా. వీటి ప్రకటనల్లో గొప్పలకు ఆధారాలు చూపాలంటూ 2001లో అమెరికాలో వినియోగదారుల రక్షణ చూసే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌టీసీ 60కి పైగా తయారీదారులకు, అమ్మకందారులకు హెచ్చరిక లేఖలు పంపింది.

చుక్క_ఆయిల్
మా పక్కింటాయన వైర్ల మీద డీజిల్ స్ప్రే చేస్తాడు. ఎలుక మీద కోపంతో ఇల్లు తగలబెట్టుకున్నట్టు. వేడి ఇంజిన్ మీద అది నిప్పుతో చెలగాటం, దయచేసి ఎవరూ చెయ్యకండి. కారం పొడి చల్లినా బ్లోయర్ పీల్చుకుని మన కళ్లలోనే కొడుతుంది. ఘాటు కావాలంటే వైర్లకు చుట్టే మిరప ఘాటు టేపు ఉంటుంది, హోండా అలాంటిది అమ్ముతోంది. అదైతే పొడిలా ఎగరదు.

వేపపుల్ల
నాకు నిలబడింది ఇనుప జాలీ ఒక్కటే. చుంచెలుకకు 6 మిల్లీమీటర్ల సందు చాలు, కాబట్టి జాలీ కన్ను అంతకన్నా చిన్నదిగా ఉండాలి. ఎయిర్ ఫిల్టర్‌కు గాలి వెళ్లే మూతి దగ్గర, ఏసీ గాలి లోపలికి పీల్చుకునే చోట బిగించాను. రేడియేటర్‌కు గాలి ఆడకుండా మూసేయకండి. స్టీల్ పీచు కూరడం కూడా వద్దు, దాని పోగులు ఊడి టెర్మినళ్ల మీద పడితే షార్ట్ అవుతుంది.

నీలి_డిక్కీ
అందరికీ థాంక్స్. ముందు గూడు తీసేస్తాను. చీపురుతో ఊడ్చేస్తే సరిపోతుందా?

చుక్క_ఆయిల్
పొడిగా ఊడవద్దు, దుమ్ముతో పాటు రోగాలు లేస్తాయి. గ్లవ్స్ వేసుకుని, చల్లటి ఇంజిన్ మీద పెంటికలు ఉన్నచోట మాత్రమే క్రిమిసంహారక ద్రావణంతో తడిపి, కాసేపాగి పేపర్ టవల్‌తో ఎత్తేయండి. బ్యాటరీ తీగ ముందే తీసేయండి. మూత్రం వాసన పూర్తిగా పోవాలి, లేకపోతే ఆ వాసన పట్టుకునే కొత్తవి వస్తాయి.

లైట్_తియ్యకు
సీటు కింద పిల్లలు రాల్చిన బిస్కెట్ ముక్కలు కూడా దులపండి బ్రో. నాకు గూడు దొరికింది అక్కడే.

నీలి_డిక్కీ
రాత్రి బానెట్ తెరిచి ఉంచమంటున్నారు కొందరు, అదీ మంచిదేనా?

నిదానం
తాళం వేసిన గ్యారేజీలో అయితే మంచిదే, చీకటి మూల లేకపోతే గూడు పెట్టవు. మీది ఆరుబయట అంటున్నారు కాబట్టి కుదరదు. గ్యారేజీ ఉన్నవాళ్లు కూడా బానెట్ కింద లైటు ఉందేమో చూసుకోండి, రాత్రంతా వెలిగితే పొద్దున్నే బ్యాటరీ డౌన్.