అమెరికా మోడల్, ఇండియా మోడల్: ప్యానెల్ ఒకటేనా? బావ తెస్తానంటున్నాడు, తెప్పించుకోనా?

నిజాంపేట నవీన్:
సంక్రాంతి లోపు 55 అంగుళాల టీవీ కొనాలి, లక్ష దాటకూడదు. మా హాలు పొడుగ్గా, సన్నగా ఉంటుంది. సోఫా టీవీకి ఎదురుగా, దివాన్ పక్క గోడకు. అమ్మ మధ్యాహ్నం నుంచి ఆ దివాన్ మీదే. డాలస్‌లో ఉన్న బావ ‘రివ్యూల్లో పొగిడే ప్యానెల్, అంటే బొమ్మ వచ్చే తెర, ఇండియా మోడల్‌లో రాదు, పేరొకటే సరుకు వేరు, వచ్చేటప్పుడు నేను తెస్తా’ అంటున్నాడు. షాపులో అడిగితే ‘ఏ దేశమైనా అన్నీ ఒకటే సార్’ అన్నారు. ఎవరి మాట నమ్మాలి?

పిక్సెల్ పంతులు:
ఇద్దరూ సగం సగమే చెప్తున్నారు. షాపు బోర్డు మీద రాసిన పొట్టి పేరు వదిలేసి, మోడల్ నంబర్ మొత్తం చదవండి. శాంసంగ్‌లో మొదట క్యూఏ55 అని ఉంటే మన వైపు మోడల్, క్యూఎన్55 అమెరికాది, క్యూఈ55 యూరప్‌ది. చివర ఎక్స్ఎల్ ఉంటే ఇండియా. ఎల్జీ సీ3 అయితే మనకి పీఎస్ఏ, అమెరికాకి పీయూఏ. అక్షరాలు మారినంత మాత్రాన ప్యానెల్ మారినట్టు కాదు, కానీ ఒక్కోసారి నిజంగానే మారుతుంది. 2024లో వచ్చిన శాంసంగ్ ఎస్90డీ చూడండి. అమెరికాలో 55, 65 సైజులు క్యూడీ-ఓఎల్ఈడీ. వేరే కొన్ని దేశాల్లో అదే పేరు మీద డబ్ల్యూ-ఓఎల్ఈడీ కూడా అమ్మారు. రెండూ ఓఎల్ఈడీలే (ప్రతి చుక్కా తనంతట తాను వెలిగే తెర), తయారీ వేరు. శాంసంగ్‌దే 2021 నాటి క్యూ80ఏ ఇంకా విచిత్రం, దాంట్లో దేశం మారక్కర్లేదు, సైజు మారితే చాలు. అమెరికాలో 50 అంగుళాలది వీఏ ప్యానెల్, 60 హెర్ట్జ్. 55 అయితే ఐపీఎస్ తరహా, 120 హెర్ట్జ్. (వీఏ, ఐపీఎస్ ఎల్‌సీడీ తెరల్లో రెండు రకాలు; హెర్ట్జ్ అంటే సెకనుకి బొమ్మ ఎన్నిసార్లు మారుతుందో ఆ లెక్క.) అందరూ చూసే టీవీ రివ్యూ సైట్ ఆర్‌టింగ్స్ వాళ్లు ఉండేది కెనడాలో, కొని పరీక్షించేది ఉత్తర అమెరికా పీసు. ఆ మార్కులు చూసి ఇక్కడ కొనడమంటే పక్కింటాయన రక్తపరీక్ష రిపోర్టు చూసి మనం మందులు వేసుకోవడమే.

మణికొండ బుల్లోడు:
ఇంత చదవాలంటే నేను టీవీయే మానేస్తా.

ఫ్రిస్కో ఫణి:
బావ చెప్పింది కరెక్ట్. ఇక్కడ అమెరికాలో బ్లాక్ ఫ్రైడే డిస్కౌంట్ సేల్‌కి వచ్చే రేటు మీకు కలలో కూడా రాదు. 2019లో మా నాన్నగారికి 43 అంగుళాలది స్వయంగా తెచ్చాను, ఈ రోజుకీ నడుస్తోంది. కళ్లు మూసుకుని తెప్పించుకోండి.

రాయచోటి రఫీ:
వోల్టేజ్ సంగతి చెప్పరేం? అమెరికాలో 120, మనకి 230. వెనక స్టిక్కర్ మీద 100-240 అని లేకపోతే ప్లగ్ పెట్టిన క్షణమే పొగ.

ఫ్రిస్కో ఫణి:
230ని 120కి దించే స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ అనేది ఒకటి ఉంటుంది రఫీ గారూ.

రాయచోటి రఫీ:
మా పల్లెలో వోల్టేజ్ ఒక పూట 180, ఒక పూట 260. స్టెబిలైజర్ మీద ట్రాన్స్‌ఫార్మర్, దాని మీద టీవీ. సబ్‌స్టేషన్ పెట్టుకోమంటారా ఇంట్లో?

షోరూం సత్తిబాబు:
నేను కాకినాడలో చాలా ఏళ్లుగా టీవీలు అమ్ముతున్నాను. పంతులు గారి లాంటివాళ్లు వారానికి ఇద్దరైనా వస్తారు. తెరలో చుక్కల ఆకారం చూడటానికి మాక్రో లెన్స్ తగిలించిన ఫోన్ తీసి తెర మీద పెడతారు. ఒకాయన డెమో పీసు మీద బొటనవేలు పెట్టి నొక్కాడు, ‘అల వస్తే వీఏ, రాకపోతే ఐపీఎస్’ అంటూ. పగిలితే ఎవరు కడతారు? ఇవన్నీ అయ్యాక బయటికి వెళ్లి ఆన్‌లైన్‌లో ఆర్డర్ పెడతారు. డెలివరీ అయిన మర్నాడు ‘వాల్ మౌంట్ బిగించే కుర్రాడిని పంపుతారా’ అని నాకే ఫోన్! టీవీని కళ్లతో చూడాలి, నచ్చితే కొనాలి. అంతే.

పిక్సెల్ పంతులు:
మీ షాపులో కళ్లతో ఏం కనబడుతుంది సార్? పైన ట్యూబ్‌లైట్లు పట్టపగల్లా వెలుగుతుంటాయి. ప్రతి టీవీ స్టోర్ మోడ్‌లో, వివిడ్‌లో, బ్రైట్‌నెస్ చివరిదాకా. ఆడేదేమో కంపెనీ ఇచ్చిన చిలకలు, పువ్వుల వీడియో. కాంట్రాస్ట్, అంటే తెలుపు నలుపుల మధ్య తేడా, ఐపీఎస్‌ది సుమారు 1000:1, వీఏది 3000 నుంచి 5000:1, ఒక్కోదానికి ఇంకా ఎక్కువ. రాత్రి లైట్లు ఆర్పి చీకటి సీన్ చూస్తే ఐపీఎస్‌లో నలుపు బూడిద రంగులో ఉంటుంది. అది మీ షాపు వెలుగులో చచ్చినా తెలియదు. వేలి పరీక్ష నేను చెప్పలేదు, అది పాత మానిటర్ల కాలం నాటిది.

షోరూం సత్తిబాబు:
నొక్కినవాడు మీ పోస్టులు చదివే వచ్చాడు.

తిరుపతి తేజ:
‘ఇండియా మోడల్ అంటే నాసి’ అనేవాళ్లకి ఒక మాట. 2020 జులైలోనే కలర్ టీవీల దిగుమతిని లైసెన్సు ఉంటే తప్ప కుదరని జాబితాలో పెట్టారు. అప్పటి నుంచి మీరు కొనేవి ఎక్కువగా ఇక్కడ బిగించినవే. మా తిరుపతి దగ్గర వేరే బ్రాండ్లకి టీవీలు బిగించే డిక్సన్ వాళ్ల ఫ్యాక్టరీ ఉంది, టీసీఎల్ వాళ్ల ప్యానెల్ యూనిట్ ఉంది. ఓపెన్ సెల్, అంటే ఆ గాజు పలక, ఎక్కువగా చైనా నుంచే వస్తుంది. అమెరికాలో అమ్మే టీవీలకీ చాలావాటికి గాజు అక్కడిదే. శాంసంగ్ 2022లోనే ఎల్‌సీడీ ప్యానెళ్ల తయారీ ఆపేసింది.

ఫ్రిస్కో ఫణి:
గాజు ఒకటే కావచ్చు. వెనక బ్యాక్‌లైట్, లోకల్ డిమ్మింగ్ (చీకటి చోట్ల మాత్రమే ఆ వెలుతురు తగ్గించడం), ప్రాసెసర్ అన్నీ తగ్గించి అమ్ముతారు ఇండియాలో. మనవాళ్లు అడగరు కాబట్టి.

పిక్సెల్ పంతులు:
అడగరు కాబట్టే నేను అడగమంటున్నా. ఫణి గారు చెప్పేది మాత్రం అడగమని కాదు, అక్కడి నుంచి మోసుకురమ్మని. రెండూ ఒకటి కాదు. కస్టమ్స్ ఎంత కట్టారు 2019లో?

ఫ్రిస్కో ఫణి:
38.5 శాతం. అయితే ఏంటి?

పిక్సెల్ పంతులు:
2013 ఆగస్టు 26 నుంచి ఫ్లాట్ ప్యానెల్ టీవీకి ఉచిత బ్యాగేజీ సదుపాయం తీసేశారు, అందుకే కట్టారు. విమానంలో మామూలు బ్యాగేజీ కొలత పొడవు, వెడల్పు, ఎత్తు కలిపి 158 సెంటీమీటర్లు. 55 అంగుళాల టీవీ పెట్టె పొడవు, ఎత్తు కలిపితేనే 200 దాటుతుంది. వారంటీ అమెరికాలోనే ఉండిపోతుంది. ఇక్కడేమో 2025 సెప్టెంబర్ 22 నుంచి 32 అంగుళాలు దాటిన టీవీల మీద జీఎస్టీ 28 నుంచి 18కి దిగింది. లెక్క మీరే వేసుకోండి.

తెనాలి శ్రీలత:
మా అన్నయ్య కూడా ఇలాగే తెచ్చాడు, హ్యూస్టన్ నుంచి. ఆ ట్రాన్స్‌ఫార్మర్ అయిదారు కిలోలు ఉంటుంది, టీవీ కింద బల్ల మీద రోజంతా జుయ్యిమని మోత. అమ్మకి భయం. ముట్టుకుంటే షాక్ కొడుతుందేమో అని దాని మీద మడత పెట్టిన తువ్వాలు కప్పింది, నేను వెళ్లినప్పుడల్లా తీసేసి వస్తా, అది ఇంకా ప్రమాదం కదా. ఒక చానల్లో బొమ్మ వచ్చేది కాదు, ఏం సెట్టింగో మాకెవరికీ తెలియలేదు. సర్వీస్ సెంటర్‌కి ఫోన్ చేస్తే ‘ఇది మా దేశం మోడల్ కాదు’ అని పెట్టేశారు. ఇప్పుడు అమ్మ చూసేది లోపలి గదిలో పాత 32 అంగుళాలది. అన్నయ్య వీడియో కాల్ చేసే టైముకి మాత్రం హాల్లోది ఆన్ చేస్తుంది.

మణికొండ బుల్లోడు:
😶

ఫ్రిస్కో ఫణి:
శ్రీలత గారూ, మీ అన్నయ్య మీద కోపం ఇక్కడ చూపించకండి. తెస్తే ‘ఎందుకు తెచ్చావు’, తేకపోతే ‘అక్కడ సంపాదిస్తూ ఒక్క వస్తువు పంపలేదు’. ఎయిర్‌పోర్టులో ఆ పెట్టె పట్టుకుని లైన్లో నిలబడింది నేను. నాన్న ఏ రోజూ బాగాలేదు అనలేదు.

తెనాలి శ్రీలత:
అనరు కదండీ. మా అమ్మా అనలేదు.

ఫ్రిస్కో ఫణి:
అంటే మా నాన్న కూడా అబద్ధం చెప్తున్నారనా మీ ఉద్దేశం?

తెనాలి శ్రీలత:
మీ నాన్నగారి సంగతి నాకు తెలియదు. ‘నీకు ఏం కావాలమ్మా’ అని మా ఇంట్లో ఎవరూ అడగలేదు, అది చెప్తున్నా. 120 హెర్ట్జ్ అన్నయ్యకి కావాలి. అమ్మకి పెద్ద బటన్లున్న రిమోట్, మాట స్పష్టంగా వినబడే సౌండ్. ఈ పోస్టుల్లో సౌండ్ గురించి ఒక్కరైనా రాశారా?

షోరూం సత్తిబాబు:
అమ్మా, మా షాపుకి పెద్దవాళ్లని తీసుకొచ్చేవాళ్లు పదిమందిలో ఒక్కరు. మిగతావాళ్లంతా ఫోన్‌లో స్పెసిఫికేషన్ చూపిస్తారు. మేం కూడా ఏది ఎక్కువ మార్జినో అదే చూపిస్తాం, దాచడం ఎందుకు.

రాయచోటి రఫీ:
ట్రాన్స్‌ఫార్మర్ మీద తువ్వాలు కప్పకూడదు, వేడెక్కి అంటుకుంటుంది. ముందు ఆ పని చూడండమ్మా.

కర్నూలు క్రాంతి:
మూడు పేజీలు కొట్టుకున్నారు, నవీన్ అమ్మగారు పక్క గోడకున్న దివాన్ మీద కూర్చుంటారని ఆయన మొదటే రాశాడు. వీఏ ప్యానెల్ పక్క నుంచి చూస్తే రంగులు వెలిసిపోయి ముఖాలు సున్నం కొట్టినట్టు కనిపిస్తాయి. ఆవిడకి ఐపీఎస్ కావాలి, లేదా ఓఎల్ఈడీ. లక్షలో 55 ఓఎల్ఈడీ ఆఫర్ ఉంటే తప్ప కష్టం. దేశం సంగతి తర్వాత.

పిక్సెల్ పంతులు:
ఐపీఎస్ పెడితే రాత్రి సినిమాకి కాంట్రాస్ట్ పోతుంది. దివాన్ జరపలేరా?

నిజాంపేట నవీన్:
దివాన్ జరపడం కుదరదు, అటు బాల్కనీ తలుపు. రాత్రి సినిమా నేను చూసేది వారానికోసారి. బావకి ఏం చెప్పాలో మాత్రం అర్థం కావట్లేదు, నిన్ననే ఆర్డర్ పెట్టబోయాడు.

ఫ్రిస్కో ఫణి:
తెచ్చేది ఆయన డబ్బులతో కాదుగా, మీ డబ్బులతో. వద్దని చెప్పండి. నేనిక ఈ టాపిక్‌లో లేను.

షోరూం సత్తిబాబు:
నవీన్ గారూ, మీ దగ్గర్లో ఏ షాపుకైనా ఆదివారం పొద్దున తెరిచీ తెరవగానే వెళ్లండి, జనం ఉండరు. అమ్మగారిని వెంట తీసుకెళ్లండి. టీవీని హోమ్ మోడ్‌లో పెట్టించి, ఆ వరసలో లైట్లు ఆర్పించి, వార్తల చానల్ పెట్టమనండి. పక్కకి కుర్చీ వేయించి ఆవిడని కూర్చోబెట్టండి. వెనక స్టిక్కర్ ఫొటో తీసుకోండి, డెలివరీ వచ్చిన పీసు మీద మోడల్ నంబర్, వెర్షన్ కోడ్ అదే ఉందో లేదో చూసి సంతకం పెట్టండి.

పిక్సెల్ పంతులు:
స్టిక్కర్ చూడమని మొదటి నుంచీ చెప్తున్నది నేనే.

షోరూం సత్తిబాబు:
స్టిక్కర్ చూడండి సార్, ఎవరు వద్దన్నారు. వేలు మాత్రం పెట్టకండి.