అప్‌డేట్: వాలంటీర్‌గా చేరాను, స్క్రైబ్ పని దొరికింది

కాలేజీ చదువుతో వారానికి మూడు గంటలే ఇవ్వగలను, ఏ సంస్థకైనా పనికొస్తానా అని రెండు నెలల క్రితం ఇక్కడ అడిగాను. "మెయిళ్లు పెట్టి కూర్చోకు, నేరుగా వెళ్లి ఏ పనికి మనిషి లేక ఆగిపోయారో అడుగు" అన్నవాళ్లకి ముందుగా థాంక్స్. నాలుగు మెయిళ్లకి జవాబు లేదు. వెళ్లి అడిగిన మొదటి చోటే పని దొరికింది.

చూపులేని విద్యార్థులకి పరీక్షల్లో స్క్రైబ్‌గా, అంటే వాళ్లు నోటితో చెప్పే జవాబులు రాసిపెట్టే మనిషిగా, రాస్తున్నాను. తేలికనుకున్నా, కాదు. ప్రశ్న ఉన్నదున్నట్టు చదవాలి, మన గొంతులో జవాబు తెలిసిపోకూడదు. చెప్పిందే రాయాలి, తప్పని తెలిసినా దిద్దకూడదు. మొన్న ఒకమ్మాయి సంవత్సరం తప్పు చెప్పింది. నా పెన్ను ఆగింది. "ఆగారేంటి, రాయండి" అంది. రాశాను. పది నిమిషాలకి తనకే గుర్తొచ్చి "వెనక్కెళ్లి ఆ సంవత్సరం కొట్టేయండి" అంది. ఎంత సంతోషమేసిందో!

చేరాలనుకునేవాళ్లకి ఒక్క మాట. పరీక్షలు మనకీ వాళ్లకీ ఒకేసారి వస్తాయి. రాలేని తేదీలు ముందే చెప్పేయండి, ఆఖరి నిమిషంలో మానేస్తే అక్కడ ఒకరి పరీక్ష పోతుంది. ఈ పనికి సర్టిఫికెట్ ఇస్తారా అని కొందరు అడిగారు కదా, చేసిన గంటలు లెక్కరాసి ఇస్తామని సంస్థవాళ్లు అన్నారు.