నాన్న రిటైర్మెంటు డబ్బుతో 60 లక్షల ఫ్లాటు: పీఎం పాలెంలో కొత్తదా, ఎంవీపీలో పాతదా?

ఉక్కునగరం_అబ్బాయి
అందరికీ నమస్కారం. మా నాన్నగారు స్టీల్‌ప్లాంటులో చేసి మొన్ననే రిటైరయ్యారు. ఉక్కునగరంలో క్వార్టరు ఖాళీ చేయాలి. నాకు రుషికొండ ఐటీ హిల్స్ మీద ఉద్యోగం, మధురవాడలో 17 వేల అద్దెకు ఉంటున్నాను. అందరం ఒకచోట ఉండేలా ఇల్లు చూస్తుంటే చివరికి రెండు మిగిలాయి.

ఒకటి పీఎం పాలెంలో కడుతున్న అపార్ట్‌మెంటు. 1,250 అడుగులు, 60 లక్షలు, ఏడాదిన్నరలో తాళాలిస్తామన్నారు. భూమిలో వాటా 28 గజాలు. రెండోది ఎంవీపీ కాలనీలో 1998లో కట్టిన ఫ్లాటు. 1,050 అడుగులు, మూడో అంతస్తు, లిఫ్టు లేదు, వాటా 40 గజాలు. అదీ 60 లక్షలే. నాన్నగారివి 30 లక్షలు, నా దగ్గర 9 లక్షలు, మిగతాది లోను. మీరైతే ఏది తీసుకుంటారు?

పెదవాల్తేరు_మాస్టారు
ఎంవీపీ తీసుకో బాబూ. ఫ్లాటు ధరలో ఏళ్లు గడిచేకొద్దీ పెరిగేది భూమి వాటా ఒక్కటే, కట్టడం విలువ తగ్గుతూనే ఉంటుంది. మా వీధిలో 300 గజాల్లో 8 ఫ్లాట్లున్న అపార్ట్‌మెంటు ఒకటుంది, ఒక్కొక్కరికి 37 గజాల పైచిలుకు వస్తుంది. రేపు దాన్ని పడగొట్టి డెవలప్‌మెంటుకు ఇచ్చినా ఆ గజాల లెక్కనే మాట్లాడతారు. పీఎం పాలెంలో నీకు వచ్చేది 28. పైగా భోగాపురం ఎయిర్‌పోర్టు, డేటా సెంటరు అని రాబోయేవన్నీ ఇప్పుడే రేటులో కలిపేశారు. ఎంవీపీలో రైతుబజారుకు నడిచి వెళ్లొచ్చు, ఆసుపత్రులు దగ్గర. నలభై గజాలు వదులుకోకు.

కొమ్మాది_జంక్షన్
మెట్రో వస్తే కొమ్మాది నుంచి స్టీల్‌ప్లాంటు దాకా ఒకే లైను. అప్పుడు ఎంవీపీ కన్నా మధురవాడే మేలు.

వేపగుంట_వాసి
మెట్రో వచ్చాక మాట్లాడుకుందాం అన్నా. ఈఎంఐ మాత్రం వచ్చే నెల నుంచే కట్టాలి.

తమ్ముడూ, 28 గజాలా 40 గజాలా అన్నది తర్వాత సంగతి. ముందు కాగితాలు చూశావా? 30 ఏళ్ల ఈసీ, అంటే ఆ ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్లు, తాకట్ల చిట్టా తీయించు. పాత యజమానుల నుంచి వచ్చిన లింకు డాక్యుమెంట్లన్నీ వరసగా ఉన్నాయో లేదో లాయరుతో చూపించు. సర్వే నంబరు రిజిస్ట్రేషన్ నిషేధిత జాబితాలో, అదే 22ఏలో ఉందేమో చూడు. కొత్తదైతే ప్లాను ఎన్ని అంతస్తులకు ఇచ్చారు, ఎన్ని వేస్తున్నారు, ఏపీ రెరాలో, అంటే ఇళ్ల ప్రాజెక్టులను చూసే ప్రభుత్వ సంస్థలో నంబరుందా, ఇవన్నీ కావాలి.

మాది వేపగుంట. పంచగ్రామాల భూసమస్య గురించి వైజాగ్‌లో తెలియనివాళ్లు ఉండరు. అడవివరం, వేపగుంట, వెంకటాపురం, పురుషోత్తపురం, చీమలాపల్లి, ఈ ఐదూళ్లలో సింహాచలం దేవస్థానం పేరున ఉన్న భూముల్లో వేల ఇళ్లున్నాయి, రిజిస్ట్రేషన్ల సంగతి ఏళ్ల తరబడి తేలలేదు. మా నాన్న అమ్మినాయన మాట నమ్మి తెల్లకాగితం మీద సంతకాలతో కొన్నారు. చక్కటి ఇల్లు కట్టారు, పెరట్లో రెండు కొబ్బరిచెట్లు కూడా ఉన్నాయి. కానీ అక్క పెళ్లికి తాకట్టు పెడదామంటే ఏ బ్యాంకూ తీసుకోలేదు. నూటికి మూడు రూపాయల వడ్డీకి బయట తెచ్చాం. అందుకే ఎవరు ఇల్లు కొంటామన్నా ముందు కాగితాల గురించే అడుగుతాను.

పెదవాల్తేరు_మాస్టారు
ఎంవీపీ కాలనీ వుడా, అంటే పట్టణాభివృద్ధి సంస్థ వేసిన లేఅవుటు. నీ వేపగుంట భయం అక్కడ ఎందుకు పెడతావు? నేను చెప్పేది గజాల గురించి.

వేపగుంట_వాసి
లేఅవుటు వుడాదే మాస్టారూ. ఆ స్థలం మీద 1998లో కట్టిన మూడో అంతస్తు ప్లానులో ఉందా లేదా అన్నది నా ప్రశ్న. ప్లాను లేకుండా వేసిన అంతస్తుకు లోను ఇవ్వరు.

సైట్_ఇంజినీర్
నేను సైట్లలో పనిచేస్తాను, ఒక్క మాట చెబుతాను. సముద్రం పక్కన పాత బిల్డింగు కొనేవాళ్లు హాల్లో టైల్స్ చూసి మురిసిపోకూడదు. బాత్‌రూమ్ పైకప్పు, కింద పార్కింగులో స్తంభాలు చూడాలి. పోయిన నెల మా బంధువుల కోసం అటువైపే ఒక ఫ్లాటుకు వెళ్లాను. కొత్త పెయింటుతో అద్దంలా ఉంది. బాత్‌రూమ్ స్లాబు అడుగున ఒకచోట రంగు చిన్న బుడగలా లేచింది. బండి తాళంచెవితో గీకితే అరచేయంత పెచ్చు ఊడి నా భుజం మీద పడింది. లోపల ఇనుప ఊచ ఉబ్బి, పొరలు పొరలుగా, పట్టుకుంటే గోధుమరంగు పొడి. ఉప్పుగాలికి ఊచ తుప్పు పడితే ఉబ్బుతుంది, ఉబ్బితే కాంక్రీటును బయటికి తోసేస్తుంది. మీద ఎంత పుట్టీ పెట్టినా లోపల పని ఆగదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు కిటికీలు పోయి లోపలికి నీళ్లు కొట్టిన ఇళ్లు చాలా ఉన్నాయి. ఆ తర్వాత ఏం బాగు చేయించారో అమ్మేవాళ్లను గట్టిగా అడగండి.

కొత్త బిల్డింగు అయితే మంచిదని కూడా అనను. 1,250 అంటే గోడలు, మెట్లు, కారిడార్ల వాటా అన్నీ కలిపిన లెక్క. రెరా చట్టం ప్రకారం అమ్మేది కార్పెట్ ఏరియా మీదే, అంటే బయటి గోడలు పోను ఫ్లాటు లోపలి నేల. ఆ అంకె అగ్రిమెంటులో రాయించుకోండి. టేపు పట్టుకెళ్లి కొలవండి, నామోషీ పడక్కర్లేదు.

ఉక్కునగరం_అబ్బాయి
చాలా థాంక్స్ అండి. అయితే 60 లక్షలు కాకుండా ఇంకెంత అవుతుంది?

లాసన్స్‌బే_లెక్కలు
రిజిస్ట్రేషన్‌కు మన దగ్గర స్టాంపు డ్యూటీ 5, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ 1.5, ఫీజు 1, మొత్తం 7.5 శాతం. 60 లక్షలకు నాలుగున్నర లక్షలు. కడుతున్నదైతే జీఎస్టీ 5 శాతం, ఇంకో 3 లక్షలు. పూర్తయి సర్టిఫికెట్ వచ్చినదానికీ, పాతదానికీ జీఎస్టీ లేదు. ధర 50 లక్షలకు తగ్గదు కాబట్టి 1 శాతం టీడీఎస్, అంటే ఆదాయపు పన్ను మీరే కోసి కట్టాలి, అది అమ్మేవాళ్ల డబ్బులోంచే. పార్కింగు, కార్పస్ ఫండు (అపార్ట్‌మెంటు నిర్వహణ నిధి), కప్‌బోర్డులు వేరే.

ఈ ఖర్చులన్నీ కలుపుకుని 30 లక్షల లోను 8.5 శాతానికి 20 ఏళ్లు అనుకుంటే ఈఎంఐ 26 వేల పైన. మొదటి నెల కట్టినదాంట్లో 21,250 వడ్డీకే పోతుంది. మొత్తం కట్టేది 62 లక్షలు దాటుతుంది. ఫ్లోటింగు రేటు (వడ్డీ మారుతుండే) లోను ముందే తీర్చేస్తే పెనాల్టీ ఉండదు, బోనస్ వచ్చినప్పుడల్లా అసలులో కట్టండి.

వేపగుంట_వాసి
అంటే పీఎం పాలెం ఫ్లాటు 60 కాదు, 67.5 లక్షలు. పైగా అది పూర్తయ్యేదాకా ఏడాదిన్నర పాటు అద్దె కూడా కట్టాలి. అసలు ఇప్పుడే కొనొద్దంటాను. 17 వేలకు ఉంటున్నావు కదా, ఇంకో రెండు వేలు ఎక్కువిచ్చి అమ్మానాన్నలకు కూడా సరిపోయే ఇల్లు తీసుకో. నాన్నగారి 30 లక్షలు సీనియర్ సిటిజన్ల సేవింగ్స్ స్కీములో వేస్తే 8.2 శాతం వడ్డీ, మూడు నెలలకోసారి 61,500 చేతికొస్తుంది. నీ అద్దె కట్టినా ఆ డబ్బులో ఇంకా మిగులుతుంది. స్టీల్‌ప్లాంటు వాళ్లకు గవర్నమెంటు పెన్షన్ లేదు, వచ్చేది పీఎఫ్ పెన్షన్, అది మందులకు కూడా చాలదు. ఉన్నదంతా గోడల్లో పెడితే పెద్దాయన రేపు కంటి ఆపరేషన్‌కు నీ దగ్గర చెయ్యి చాపాలి.

పెదవాల్తేరు_మాస్టారు
ఏమిటయ్యా ఈ అద్దె పాట? జీవితమంతా క్వార్టర్లో ఉన్న మనిషిని ముసలితనంలో కూడా ఇంటివాడి దయ మీద ఉండమంటావా? మేకు కొట్టాలన్నా పర్మిషన్ అడగాలి. ఏడాదికోసారి అద్దె పెంచుతాడు, లేదంటే మా అబ్బాయి వస్తున్నాడు ఖాళీ చెయ్యమంటాడు. నీ ఇంటి కాగితాలు బాగోలేదని లోకంలో ఎవరూ ఇల్లు కొనకూడదా? భూమి ఉండాలి. 40 గజాలు ఉంటే అది ఒక ధైర్యం.

వేపగుంట_వాసి
మా ఇంటి సంగతి తెచ్చి దెప్పుతున్నారు, కానివ్వండి. ఇందాకటి నుంచి గజాలు గజాలు అని ఒకటే జపం. 8 ఫ్లాట్లవాళ్లలో ఒక్కరు సంతకం పెట్టకపోయినా ఆ అపార్ట్‌మెంటు పడగొట్టలేరు. వాళ్లలో ఒకరు అమెరికాలో, ఇద్దరు కోర్టులో ఉంటారు. కాగితం మీద 40 గజాలుంటే మూడో అంతస్తు ఎక్కలేని మనిషికి ఏం ధైర్యం? మీరు చెప్పే గజాలు అసలు మీ పేరున ఉన్నాయా మాస్టారూ?

కొమ్మాది_జంక్షన్
పెద్దాయనతో అలా మాట్లాడకు తమ్ముడూ.

పెదవాల్తేరు_మాస్టారు
లేవు.

అడిగావు కాబట్టి చెబుతాను. 2016లో నా గ్రాట్యుటీ, దాచుకున్నది కలిపి 22 లక్షలు మా అబ్బాయి ఫ్లాటుకు ఇచ్చాను. లోను వాడిది, డాక్యుమెంటు వాడి పేరున, కోడలి పేరున. నాకూ మా ఆవిడకూ బాల్కనీ ఉన్న గది ఇచ్చారు. ఒక్క మాట కూడా అనలేదు ఎవరూ, మంచి పిల్లలు. ఇప్పుడు వాళ్లు హైదరాబాదు వెళ్లిపోయారు. ఈ ఫ్లాటు అమ్మి అక్కడ కొందాం, మీరూ రండి నాన్నా అంటున్నారు. మాకు ఇక్కడ పొద్దున్నే బీచి రోడ్డు మీద నడక, మా ఆవిడకు ఎదురింటివాళ్లు, వెళ్లాలని లేదు. కానీ వద్దని చెప్పడానికి ఏ కాగితమూ నా దగ్గర లేదు. పోయిన వారం బ్రోకరు ఎవరినో తీసుకొచ్చి చూపించాడు. వచ్చినావిడ మా గది తలుపు తీసి, ఇక్కడ పెద్దవాళ్లుంటారా, ఎప్పుడు ఖాళీ చేస్తారు అని బ్రోకర్నే అడిగింది. నేను మంచం మీదే కూర్చుని ఉన్నాను.

వేపగుంట_వాసి
క్షమించండి మాస్టారూ. నాకు తెలియక అన్నాను.

సీతమ్మధార_గృహిణి
ఇంతసేపూ ఏ ఫ్లాటు అన్నారు గానీ ఎవరి పేరున అని ఒక్కరూ అడగలేదు. బాబూ, 30 లక్షలు నాన్నగారివి అన్నావు. డాక్యుమెంటు ఎవరి పేరున రాయిస్తున్నావు?

ఉక్కునగరం_అబ్బాయి
నా పేరునే అండి. లోను నాదే కదా. నాన్నగారి వయసుకు లోను రాదని బ్యాంకువాళ్లు అన్నారు. ఆయన కూడా ఏమీ అనలేదు.

లాసన్స్‌బే_లెక్కలు
ఆయన వయసుకు ఆయన జీతం మీద లోను రాదు, నిజమే. డాక్యుమెంటులో ఆయన పేరు ఉండకూడదని కాదు. ఇద్దరి పేర్లతో రిజిస్టర్ చేసుకోవచ్చు, ఎవరి వాటా ఎంతో అందులో రాసుకోవచ్చు. అలాంటప్పుడు బ్యాంకు ఆయన్ని కూడా లోనులో సంతకం పెట్టమంటుంది, లెక్క వేసేది నీ జీతం మీదే. తల్లిదండ్రులు పిల్లలకు ఆస్తి రాసిచ్చి, చూసుకోవాలని షరతు పెడితే, చూడనప్పుడు రద్దు చేయించుకోవడానికి 2007 నాటి చట్టం ఉంది. కానీ చేతికి డబ్బు ఇచ్చేసి, ఇంట్లో పేరు లేకపోతే పెద్దవాళ్ల చేతిలో ఏమీ మిగలదు.

ఉక్కునగరం_అబ్బాయి
నేను నాన్నను బయటికి పంపేవాడినా అండి? నన్ను అలా చూస్తున్నారేంటి?

సీతమ్మధార_గృహిణి
మాస్టారి అబ్బాయి కూడా పంపలేదు కదమ్మా. చెల్లెలుందా నీకు?

ఉక్కునగరం_అబ్బాయి
ఉంది. పెళ్లయింది, అనకాపల్లిలో ఉంటుంది.

ఒక విషయం మొదట రాయలేదు. పీఎం పాలెంలో 2 లక్షలు బయానా ఇచ్చేశాను, పది రోజులైంది. రేటు పెరుగుతుందని టెన్షన్ పెట్టారు. ఇంట్లో చెప్పలేదు. ఇక్కడ అందరూ కొత్తదే తీసుకోమంటారని, అది నాన్నకు చూపిద్దామని పోస్టు పెట్టాను.

వేపగుంట_వాసి
అదేంటి తమ్ముడూ! రసీదు ఉందా?

ఉక్కునగరం_అబ్బాయి
అడ్వాన్స్ ముట్టినట్టు రాసిచ్చారు. ఆన్‌లైన్‌లోనే పంపాను.

సైట్_ఇంజినీర్
మంచిదే, బ్యాంకులో ఆధారం ఉంది. అమ్మకం అగ్రిమెంటు రిజిస్టర్ కాకుండా ధరలో 10 శాతానికి మించి తీసుకోకూడదని రెరా చట్టంలో ఉంది. నువ్వు 2 లక్షల దగ్గర ఆగావు. రెరా నంబరు, ప్లాను కాపీ చేతికి వచ్చేదాకా ఇంకో రూపాయి ఇవ్వకు.

ఉక్కునగరం_అబ్బాయి
నిన్న రాత్రి నాన్నకు అంతా చెప్పాను. మాస్టారు రాసినది చదివి వినిపించాను. కోప్పడలేదు. చాలాసేపు ఊరుకుని, మీ అమ్మ ఎక్కడుంటానంటుందో అడిగావా అన్నారు. అమ్మను అడిగితే రెండూ వద్దు, కూర్మన్నపాలెంలో ఉంటానంది. తను ఇన్నేళ్లూ తిరిగిన బజారు, తెలిసినవాళ్లు అందరూ అక్కడే. అక్కడి నుంచి నా ఆఫీసుకు రోజూ రాను, పోను అంటే ఊరు ఈ చివర నుంచి ఆ చివరకు. ఏం చేయాలో ఇంకా తేలలేదు. నాన్న 15 లక్షలు స్కీములో వేసుకుంటానన్నారు. మిగిలిన 15 ఇస్తే తన పేరు కూడా ఉండాలన్నారు. చెల్లితో మాట్లాడాకే అన్నారు. ఆదివారం నలుగురం కలిసి పీఎం పాలెం వెళ్తున్నాం, టేపు కొన్నాను.

వేపగుంట_వాసి
ఈసీ కాపీ వచ్చాక చెప్పు. నాకు తెలిసిన లాయరు దగ్గరికి నేనే తీసుకెళ్తాను.

పెదవాల్తేరు_మాస్టారు
మీ నాన్నగారికి నా నమస్కారాలు చెప్పు బాబూ. ఇద్దరి పేర్లూ రాయించు. ఆ 28 గజాలు కూడా నోటిమాటగా వదిలేయకుండా డాక్యుమెంటు షెడ్యూలులో రాస్తున్నారో లేదో చూడు.