నీరసం, ఆయాసం, శాతనైతలేదు.. అన్నీ అలసటేనా?

ప్రశ్న: మాది హన్మకొండ. ఎనుమాముల మార్కెట్ల హమాలి పనికి పోయే మా మామ మిర్చి బస్తాలు మోసొచ్చి "అలిసిపోయిన" అంటడు, మా అమ్మమ్మ పొద్దున లేవంగనే "శాతనైతలేదు బిడ్డా" అంటది, డాక్టరేమో నీరసమా ఆయాసమా అని అడుగుతడు. తేడా ఏంది?

జవాబు: చాలా ఉంది అన్నా. అలసట పని చేస్తే వచ్చేది, ఇన్ని మంచినీళ్లు తాగి కాసేపు ఒరిగితే పోతది. నీరసం పని చెయ్యకున్నా ఉంటది, జ్వరం తగ్గినంక, ఒక్కపొద్దు ఉన్నప్పుడు, సంస్కృతం మాట అది, రసం లేకపోవుడు అని. ఆయాసం అంటే సంస్కృతంల శ్రమనే గానీ మనం ఊపిరి ఎగపోసుడుకు వాడుతున్నం, మన దిక్కు దానికే దమ్మొస్తుంది అంటరు.

జవాబు: శాతనైతలేదు అంటే పని రాదని కాదు, పెయ్యి బాగలేదని. అమ్మమ్మ రోజూ అట్లంటే వయసు అని వదిలెయ్యకుండ్రి, రక్తం తక్కువున్నా, షుగర్ ఉన్నా, థైరాయిడ్ ఉన్నా అట్లనే ఉంటది, టెస్టులు చేయించుండ్రి.

జవాబు: పేపర్లల్ల "అధికారుల అలసత్వం" అని రాస్తరు చూడుండ్రి, దానికీ అలసటకూ సంబంధం లేదు, అది సంస్కృతం అలస, అంటే సోమరి. అలసట మాత్రం అలయు నుంచి వచ్చిన అచ్చ తెలుగు.